మీ 10/22లో తూటా ఎందుకు ఎక్కడం లేదో ఇరుక్కున్న తూటానే చెబుతుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర ఉంటున్నారు. ఎనిమిది నెలల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో రూగర్ 10/22 అనే .22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొన్నారు. మొదటి మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు పది తూటాలు కాలిస్తే రెండు మూడు సార్లు ఆగిపోతోంది. ఒకసారి తూటా ముక్కు ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చుని పేలే గది) పై అంచుకు తగిలి నిలిచిపోతోంది. ఒకసారి పేలిన తూటా ఖాళీ తొడుగు బయటకు పడకుండా, అది బయటపడాల్సిన కిటికీలో నిటారుగా ఇరుక్కుంటోంది. ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మన్న చప్పుడే తప్ప పేలడం లేదు. తెరిచి చూస్తే ఛాంబర్ ఖాళీ, మ్యాగజైన్‌లో మాత్రం తూటాలు ఉన్నాయి. ఈ మధ్యలో స్కోపు బిగించారు, దుకాణంలో ఎవరో చెబితే గట్టి రికాయిల్ స్ప్రింగు (వెనక్కి వెళ్లిన బోల్టును, అంటే తూటాను ఛాంబర్‌లోకి తోసే ఉక్కు దిమ్మెను, ముందుకు నెట్టేది) వేశారు, నూనె బాగా పట్టించారు. వచ్చే నెల మీ అమ్మాయితో కలిసి ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ అనే రైఫిల్ గురి శిక్షణకు వెళ్లాలి కాబట్టి, ఏ భాగం కొని మారిస్తే సరిపోతుందని అడిగారు.

ప్రస్తుతానికి ఏ భాగమూ కొనకండి. కొన్న ఆ గట్టి స్ప్రింగును కూడా తీసి పక్కన పెట్టి, పాతది ఉంటే దాన్నే మళ్లీ వేయండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను గన్‌స్మిత్‌ను (తుపాకులు బాగుచేసేవాడిని) కాను. టెక్సస్‌లోనే ఒక క్లబ్బు రేంజ్‌లో పద్దెనిమిదేళ్లుగా వారాంతాల్లో భద్రత చూసే బాధ్యతలో ఉన్నాను. మా బెంచీల మీద అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రైఫిల్ ఇదే. 1964 నుంచి తయారవుతున్న రైఫిల్ ఇది. తాతలు కాల్చిన తుపాకితో మనవలు కాల్చడం నేను కళ్లారా చూస్తున్నాను. దీనితో తంటాలు పడుతూ నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. తుపాకి ఆగగానే బోల్టు గుంజి, ఇరుక్కున్నదాన్ని దులిపేసి, మళ్లీ కాల్చడం మొదలుపెడతారు. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే గచ్చు కడిగేసినట్టు అవుతుంది. ఆ తూటా ఎక్కడ ఆగింది, ఏ కోణంలో ఆగింది, దేనికి ఆనుకుని ఉంది అన్నదే మనకున్న సాక్ష్యం. అది పోయాక మిగిలేది ఊహలు, ఆ ఊహల మీద కొనే భాగాలు.

చిన్నప్పుడు ఎన్‌సీసీలో నేను .22 బోల్టు యాక్షన్ రైఫిల్‌తో కాల్చడం నేర్చుకున్నాను. అందులో ప్రతి తూటాకూ బోల్టును మన చేతితోనే లాగి నెట్టాలి. ఛాంబర్‌లో మసి పేరుకుంటే బోల్టు కాస్త బిరుసుగా వెళ్లేది, ఆ తేడా అరచేతికి వెంటనే తెలిసేది. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పనంతా పేలుడు శక్తీ స్ప్రింగూ చేస్తాయి, మన చేతికి కబురు అందదు. అందుకే చేతికి తెలియనిదాన్ని కంటితో తెలుసుకోవాలి. తుపాకి ఆగితే మూతి లక్ష్యాల వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, ముందు చూడండి. రేంజ్‌లో అనుమతి ఉంటే ఫోనుతో ఒక ఫొటో తీయండి. ఆ తరువాతే చేయి పెట్టండి.

ఈ రైఫిల్ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. 10/22లో బోల్టుకు తాళం ఉండదు. దాని బరువు, వెనక ఉన్న స్ప్రింగు, ఈ రెండే దాన్ని మూసి ఉంచుతాయి. తూటా పేలినప్పుడు వాయువు ఒకవైపు గుండును ముందుకు తోస్తుంది, మరోవైపు ఇత్తడి తొడుగును వెనక్కి తోస్తుంది. ఆ తొడుగే బోల్టును వెనక్కి నెడుతుంది. వెనక్కి వెళ్లే దారిలో మూడు పనులు కావాలి: బోల్టుకు కుడివైపున్న ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం తొడుగును బయటకు లాగాలి, ఎడమవైపున్న ఎజెక్టర్ దాన్ని తట్టి కిటికీలోంచి విసరాలి, పిన్నును కొట్టి తూటాను పేల్చే సుత్తి వెనక్కి వాలి నిలవాలి. బోల్టు ఇంకా కొంచెం వెనక్కి వెళ్లి, మ్యాగజైన్‌లోని తరువాతి తూటా మడమ (వెనక చివర) దాటాలి. అప్పుడే తిరిగి వస్తూ ఆ తూటాను ఛాంబర్‌లోకి తోసుకెళ్లగలదు.

ఇప్పుడు మీ మూడు లక్షణాలు చూడండి. తొడుగు కిటికీలో నిటారుగా చిక్కుకుందంటే, బోల్టు వెనక్కి వెళ్లింది కానీ తగినంత వేగంగా వెళ్లలేదు. ఎజెక్టర్ తట్టిన తట్టు చాలలేదు. 'టిక్' మని ఖాళీ ఛాంబర్ మీద సుత్తి పడిందంటే, తొడుగు బయటపడేంత, సుత్తి నిలిచేంత వెనక్కి వెళ్లింది గానీ కొత్త తూటా మడమ దాటేంత వెళ్లలేదు. ఈ రెండూ అక్కాచెల్లెళ్లు. బోల్టు పూర్తి దూరం నడవడం లేదు, అంతే. మూడోది, ముక్కు ఛాంబర్ పై అంచుకు తగలడం, వేరే ఇంటి పిల్ల. అక్కడ బోల్టు తూటాను అందుకుంది, దారి తప్పింది. దానికి మ్యాగజైన్ వైపు చూడాలి. కాబట్టి మీ రైఫిల్‌కు జబ్బు ఒకటి కాదు, రెండు అని నా అంచనా. మీరు రెండింటికీ ఒకే మందు వేస్తున్నారు. అదీ మొదటి జబ్బును పెంచే మందు. బోల్టు వెనక్కి వెళ్లడానికే బలం చాలకపోతే, దాన్ని వెనక్కి పోనివ్వని స్ప్రింగును ఇంకా గట్టిది వేశారు.

ఆ 'టిక్' గురించి ఒక్క నిమిషం ఆగాలి, ఇది భద్రతకు సంబంధించిన విషయం. మామూలు 10/22లో ఆఖరి తూటా పేలాక బోల్టు దానంతట అది తెరుచుకుని నిలవదు. కాబట్టి 'టిక్' వినబడినప్పుడు మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండవచ్చు: మ్యాగజైన్ అయిపోయింది, తూటా ఎక్కలేదు, లేదా తూటా ఎక్కింది గానీ పేలలేదు. మూడోదైతే ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది. అందుకని 'టిక్' అన్న వెంటనే బోల్టు తెరవవద్దు. మూతి లక్ష్యాల వైపే పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టండి. మీ అమ్మాయికి ఇది అలవాటయ్యేదాకా పక్కన నిలబడి మీరే బిగ్గరగా లెక్కపెట్టండి. తరువాత మ్యాగజైన్ తీసి, బోల్టు తెరవండి. లోపలి నుంచి తూటా వస్తే దాని మడమ అంచు చూడండి. .22లో దెబ్బకు పేలే మందు ఆ అంచులోనే ఉంటుంది, పిన్ను కొట్టిన గుర్తు అక్కడే పడుతుంది. గుర్తు లోతుగా ఉండి పేలలేదంటే తూటాది తప్పు. గుర్తు పైపైన తాకినట్టు ఉంటే బోల్టు పూర్తిగా మూసుకోలేదని, అంటే ఛాంబర్ మురికిగా ఉందని అనుమానించాలి. పేలని తూటాను మళ్లీ మ్యాగజైన్‌లో వేయకుండా రేంజ్‌లో దానికోసం పెట్టిన డబ్బాలో వేయండి. ఎప్పుడైనా మామూలు చప్పుడుకు బదులు 'టప్' మని నీరసంగా వినిపిస్తే మాత్రం ఇక కాల్చకండి. గుండు గొట్టంలోనే ఆగి ఉండవచ్చు. ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపించాకే మళ్లీ తూటా వేయాలి.

ఇక బోల్టు ఎందుకు పూర్తిగా నడవడం లేదన్న దగ్గరికి వద్దాం.

ముందు తూటాలు. వందల చొప్పున పెట్టెల్లో వచ్చే చవక రకం వాడుతున్నానని రాశారు. అందులో తప్పేమీ లేదు, నేనూ కాలుస్తాను. కానీ పరీక్షకు అవి పనికిరావు, ఒక తూటాకూ మరో తూటాకూ బలంలో తేడా ఉంటుంది. కారణం వెతికే రోజున నమ్మకమైన రకం ఒకటి పెట్టుకోండి. నేను ఇందుకు వాడేది సీసీఐ మినీమ్యాగ్, 40 గ్రెయిన్ల గుండు. పెట్టె మీద రాసి ఉండే వేగం సెకనుకు 1,235 అడుగులు. అదే కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ రకం 1,070 అడుగులు. గురి కుదిరే తూటా, కానీ మురికిగా ఉన్న రైఫిల్‌లో బోల్టును పూర్తిగా నడపలేకపోవచ్చు. చప్పుడు తక్కువని సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే) రకాలు వేసి, తుపాకి పనిచేయడం లేదని బాధపడేవారిని చాలామందిని చూశాను.

తరువాత స్కోపు. మీ ప్రశ్నలో నా కన్ను ఇక్కడే ఆగింది. స్కోపు బిగించిన తేదీకీ ఇబ్బంది మొదలైన తేదీకీ మధ్య ఎన్ని రోజులో మీరు రాయలేదు, ఒకసారి లెక్క చూసుకోండి. 10/22 రిసీవర్ (బోల్టు నడిచే లోహపు పెట్టె) పైభాగంలో స్కోపు పట్టీ కోసం నాలుగు మర రంధ్రాలు ఉంటాయి. అవి రిసీవర్ పైకప్పులోంచి లోపలికి తెరుచుకుంటాయి, వాటి కిందే బోల్టు నడుస్తుంది. మర ఒక్క గీత పొడవైనా చాలు, దాని కొన లోపలికి పొడుచుకువచ్చి బోల్టు వీపును గీరుతుంది.

ఇది నాకు జరిగింది. పన్నెండేళ్ల క్రితం నా రెండో 10/22కు కొత్త పట్టీ బిగించాను. ఆ వారం నుంచే తొడుగులు కిటికీలో ఇరుక్కోవడం మొదలైంది. నెల రోజుల పాటు తూటాలు మార్చాను, ఎక్స్‌ట్రాక్టర్ మార్చాను, మ్యాగజైన్ మార్చాను. చివరికి మా రేంజ్‌లో ఒక పెద్దాయన బోల్టు బయటకు తీయమన్నారు. తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని మెల్లగా తిప్పారు. నల్లటి ఉక్కు మీద, వీపు పొడవునా, వెంట్రుక మందాన వెండిలా మెరుస్తున్న ఒక గీత. ఆయన ఏమీ అనలేదు, ఆ గీత మీద గోటితో ఒకసారి గీసి చూపించారు. రిసీవర్ లోపల చిటికెన వేలు పెట్టి పైకప్పును తడిమితే ముందు నుంచి రెండో రంధ్రం దగ్గర మర కొన గుచ్చుకుంది. పట్టీతో వచ్చిన నాలుగు మరల్లో ఒకటి మిగతావాటికంటే కాస్త పొడవు. దాన్ని మార్చగానే రైఫిల్ మామూలైపోయింది. ఆ నెల రోజుల్లో ఒక్కసారి కూడా నేను బోల్టు వీపు చూడలేదు.

కాబట్టి మీరు ముందు చేయవలసింది రైఫిల్ విప్పడం. ఇంట్లో చేసే పని కనుక, ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తూటాల పెట్టె వేరే గదిలో పెట్టి రండి. మ్యాగజైన్ తీయండి, బోల్టు పూర్తిగా వెనక్కి లాగండి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలితో కూడా తడమండి. తరువాత సుత్తి నిలిచి ఉండగానే సేఫ్టీ బటన్‌ను సరిగ్గా మధ్యలో, అటూ ఇటూ సమానంగా ఉండేలా పెట్టండి. అలా పెట్టకపోతే అది చెక్కకు తగులుకుని రైఫిల్ స్టాక్‌లోంచి (భుజానికి ఆనించే చెక్క భాగంలోంచి) బయటకు రాదు. ఇది తెలియక స్టాక్‌ను బలవంతంగా లాగి చీల్చుకున్నవారు ఉన్నారు. గొట్టం చుట్టూ బిగించే పట్టీ ఉన్న రకమైతే దాన్ని సడలించి, కింద ఉన్న ఒక్క పెద్ద మర విప్పితే స్టాక్ ఊడుతుంది. ట్రిగ్గర్ భాగాన్ని పట్టి ఉంచే రెండు పిన్నులు వేలితో నెట్టినా జారిపోతాయి, కింద తెల్లటి గుడ్డ పరుచుకోండి. బోల్టును ఆపే అడ్డ పిన్ను కూడా తీసేశాక, బోల్టును వెనక్కి లాగి పైకి ఎత్తితే బయటకు వస్తుంది. మొదటిసారి కాస్త మొండికేస్తుంది. సుత్తితో కొట్టవద్దు, కోణం మార్చి చూడండి.

బోల్టు చేతిలోకి వచ్చాక, శుభ్రం చేయకముందే దాని వీపు చూడండి. మెరిసే గీత ఉంటే సగం సమస్య తేలిపోయినట్టే. రిసీవర్ లోపలికి టార్చి వేసి నాలుగు రంధ్రాలూ చూడండి. మర కొన కనిపిస్తే సరైన పొడవున్నది తెచ్చి వేయండి. పట్టీ విప్పి బిగించాక గురి కచ్చితంగా కదులుతుంది. యాపిల్‌సీడ్‌లో లక్ష్యాలు 25 మీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి వెళ్లేముందు ఆ దూరానికి మళ్లీ సరిచూసుకోవాలి.

గీత లేకపోయినా నిరాశపడకండి, మురికి తప్పకుండా ఉంటుంది. .22 తూటా తన జాతిలోనే మురికిది. గుండు మెత్తటి సీసం, దాని పైన మైనమో నూనెతో కూడిన పూతో ఉంటుంది, లోపల పూర్తిగా కాలని మందు పలుకులు. బోల్టుకు తాళం లేదు కనుక ఈ పొగలో కొంత నేరుగా వెనక్కి, రిసీవర్‌లోకి వస్తుంది. మీరు దాని మీద నూనె బాగా పోశారు. ఆ నూనె, మైనం, మసి కలిసి కాటుకలా ముద్ద కడతాయి. బోల్టు ఆ ముద్దలో ఈదాలి. ఈ రైఫిల్‌కు కావలసిన నూనె చాలా తక్కువ: అంతా తుడిచి ఆరబెట్టాక, బోల్టు రెండు పక్కల మీద, వీపు మీద ఒక్కో చుక్క వేసి వేలితో పలచగా రాయండి. మ్యాగజైన్ లోపల ఒక్క చుక్క కూడా వద్దు, అక్కడ నూనె దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

అందరూ వదిలేసే చోటు ఛాంబర్. గొట్టం అద్దంలా తోమి, ఛాంబర్‌ను మరిచిపోతారు. 10/22 రిసీవర్‌కు వెనక రంధ్రం ఉండదు కాబట్టి కడ్డీని మూతి వైపు నుంచే పెట్టాల్సి వస్తుంది. అది చివరకు చేరేసరికి చేతిలో బలం తగ్గి, ఛాంబర్ గోడలు అలాగే ఉండిపోతాయి. నేను తాడులా ఉండే క్లీనర్‌ను ఛాంబర్ వైపు నుంచి వేసి మూతిలోంచి లాగుతాను. దానికి ముందు .22 కంచు బ్రష్షును పొట్టి కడ్డీకి బిగించి, హోపీస్ నంబర్ 9 (తుపాకి మసి కరిగించే ద్రావకం)లో ముంచి, ఛాంబర్‌లో పెట్టి పదిహేను నిమిషాలు వదిలేస్తాను. తరువాత బ్రష్షును చుట్టూ తిప్పుతాను. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. ఏడెనిమిది చుట్లకు ఒక్కసారిగా వేళ్లకు పట్టు సడలినట్టు తెలుస్తుంది, బ్రష్షు బయటకు తీస్తే నల్లటి పొట్టు, మాడిన అడుగులాంటిది, పలుకులుగా రాలుతుంది. ఆ పొట్టే తూటా చివరి ఒక మిల్లీమీటరు లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. రేంజ్‌కు వెళ్లాక, మూతి లక్ష్యాల వైపు పెట్టి, ఒక తూటాను కిటికీలోంచి వేళ్లతో ఛాంబర్‌లోకి నెట్టి చూడండి. మడమ అంచు దాకా బొటనవేలి ఒత్తిడికే పోవాలి, గోటితో లాగితే తిరిగి రావాలి. అలా వస్తే ఛాంబర్ శుభ్రమే.

బోల్టు ముఖం మీద, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద కూడా మసి గట్టిగా పట్టి ఉంటుంది. పాత టూత్‌బ్రష్షు, పుల్లలాంటిది ఏదైనా చాలు. కొక్కెం కొన వాడిగా ఉందా, విరిగిందా చూడండి. వేలితో నొక్కితే స్ప్రింగు మీద లేచి పడాలి.

ఇప్పుడు రెండో జబ్బు. తూటా ముక్కు పైకి లేచి ఛాంబర్ పై అంచుకు తగలడం.

మీ దగ్గర రెండు మ్యాగజైన్లు ఉన్నాయన్నారు, ఒకటి రైఫిల్‌తో వచ్చిన పది తూటాలది, రెండోది వేరే కంపెనీ చేసిన ఇరవై అయిదు తూటాలది. ఈ ఇబ్బంది ఏ మ్యాగజైన్‌లో వస్తోందో మీరు చెప్పలేదు, బహుశా గమనించి ఉండరు. ఇప్పుడే రెండింటి మీదా టేపు అంటించి 1, 2 అని రాయండి. నా అంచనా ప్రకారం రెండో దానిలోనే వస్తుంది. రైఫిల్‌తో వచ్చిన పది తూటాల మ్యాగజైన్‌లో పళ్ల చక్రంలాంటి రోటర్ ఉంటుంది, ఒక్కో తూటా ఒక్కో గదిలో కూర్చుంటుంది. .22 తూటాకు మడమ అంచు బయటకు ఉంటుంది కదా, ఒకదాని మీద ఒకటి పేర్చే మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకునే అవకాశం ఉంది. రోటర్‌లో ఆ గొడవే ఉండదు. పైగా తూటాను పట్టి ఉంచే పెదవులు అందులో ఉక్కువి, ఏళ్ల తరబడి రూపు మారవు. కొన్ని వేరే కంపెనీల మ్యాగజైన్లలో అవి ప్లాస్టిక్‌వి; అరిగి కాస్త విచ్చుకున్నా తూటా ముక్కు ముందే పైకి లేస్తుంది. అలాంటిదాన్ని బాగుచేయడానికి నేను సమయం పెట్టను, పక్కన పడేస్తాను.

ఎన్నో తూటాకు ఆగుతోందో కూడా చూడండి. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు ఒకటి రెండు తూటాలకే ఆగితే ఒక కథ, చివరి మూడు తూటాల దగ్గర ఆగితే ఇంకో కథ. రోటర్ స్ప్రింగు బిగువు తూటాలు తగ్గేకొద్దీ తగ్గుతుంది. చివర్లోనే ఆగుతోందంటే లోపల మురికి పట్టి రోటర్ మందంగా తిరుగుతోందని, లేదా స్ప్రింగు సడలిందని అర్థం. ఖాళీ మ్యాగజైన్‌లో రోటర్‌ను వేలితో తిప్పి వదిలితే చురుగ్గా వెనక్కి రావాలి. ఇసుక నలిగినట్టు తగిలితే మురికే. దాన్ని విప్పడం మాత్రం మొదటి పనిగా పెట్టుకోకండి. విప్పగానే స్ప్రింగు బిగువు మొత్తం పోతుంది, ఎన్ని చుట్లు తిప్పి బిగించాలో తెలియకపోతే ఉన్నది కూడా పాడవుతుంది. కొత్త మ్యాగజైన్ ఒకటి కొనడం మేలు. మొదట ఏ భాగమూ కొనవద్దన్నాను గదా, పరీక్ష తరువాత ఏదైనా కొంటే అది ఈ పది తూటాల అసలు మ్యాగజైనే కావాలి.

మన చేతుల వల్ల వచ్చే ఇబ్బందులు కూడా ఉంటాయి. మొదటి తూటా ఎక్కించేటప్పుడు బోల్టు పిడిని పట్టుకుని మెల్లగా ముందుకు వదిలేవారు ఉన్నారు, తుపాకికి దెబ్బ తగలకూడదన్న ఉద్దేశంతో. అలా వదిలితే తూటా దారిలోనే వాలిపోతుంది. పూర్తిగా వెనక్కి లాగి, ఒక్కసారిగా వదలాలి. ఇరవై అయిదు తూటాల మ్యాగజైన్‌ను బెంచీ మీద ఆనించి కాల్చడం ఇంకొకటి. పడుకుని కాల్చేటప్పుడు అది నేలకు తగిలి, మ్యాగజైన్ మొత్తం పైకి తోసుకుపోయి కోణం మారుతుంది. మ్యాగజైన్ పెట్టినప్పుడు 'టక్' మని కూర్చునేదాకా నెట్టి, తరువాత కిందికి ఒకసారి లాగి చూడడం అలవాటు చేసుకోండి. అటూ ఇటూ ఊగుతుంటే స్టాక్ మర సరిగా బిగిసి ఉందో లేదో చూడండి.

చేయకూడనివి రెండే చెబుతాను, కానీ గట్టిగా చెబుతాను.

బోల్టు పూర్తిగా మూసుకోకపోతే పిడిని అరచేతితో ముందుకు కొట్టవద్దు. ఈ రైఫిల్‌లో తొడుగును నలువైపులా పట్టి ఉంచేది ఛాంబర్ గోడే. సగం బయట ఉన్న తూటా పేలితే ఇత్తడి చీలి, వేడి వాయువు, లోహపు ముక్కలు కిటికీలోంచి మీ ముఖం వైపు వస్తాయి. మూసుకోని బోల్టు ఏదో అడ్డం ఉందని చెబుతోంది. మ్యాగజైన్ తీసి, తెరిచి, చూడాలి. కళ్లద్దాలు లేకుండా రేంజ్‌లో ఎవరూ నిలబడకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

రెండోది, ఇంటర్నెట్‌లో వీడియో చూసి డ్రెమెల్‌తో (చేతిలో పట్టే చిన్న గ్రైండర్‌తో) ఛాంబర్ అంచును నునుపు చేయడం. నెలకొకరైనా ఇది చేసి నా దగ్గరికి తెస్తారు. ఆ అంచు కాస్త అరిగినా తొడుగుకు ఆధారం తగ్గుతుంది, అరిగిన ఉక్కును మళ్లీ అతికించలేం, గొట్టమే మార్చాలి. ఛాంబర్ అంచులో నిజంగా దెబ్బ తగిలిన గుర్తు, ఉబ్బు కనిపిస్తే అది గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిన పని. ఖాళీ తొడుగులు మడమ దగ్గర ఉబ్బినా, చీలినా, ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే రెండు పేలినా ఆ క్షణమే ఆపేసి, రైఫిల్‌ను అక్కడికే తీసుకెళ్లాలి. ఇంకో మ్యాగజైన్ కాల్చి చూద్దామని అనుకోకండి.

శుభ్రం చేసి బిగించాక పరీక్ష ఇలా చేయండి. పాత స్ప్రింగు, మ్యాగజైన్ 1, మినీమ్యాగ్ తూటాలు, స్కోపు పట్టీ విప్పేసి. యాభై తూటాలు, మధ్యలో ఏదీ మార్చకుండా. అవి సాఫీగా వెళితే పట్టీ సరైన మరలతో బిగించి ఇంకో ముప్పై. అదీ బాగుంటే మీ చవక తూటాలు. చివరగా మ్యాగజైన్ 2. ఒక్క అడుగుకు ఒక్క మార్పు. రెండు కలిపి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మళ్లీ మొదటికి వస్తారు. చిన్న పుస్తకంలో రాయండి: ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా ఆగింది. నా పుస్తకంలో నా మూడు రైఫిళ్లకూ ఈ లెక్క ఉంది, ఛాంబర్‌ను రెండు వందల తూటాలకు ఒకసారి తోమాలని నాకు తెలిసింది అందులోంచే. ఇరుక్కుని ముక్కు నలిగిన తూటాలను మళ్లీ వాడకండి. గుండు తొడుగులోకి దిగిపోయి ఉంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. తూటా ఎక్కుతోందా లేదా అని ఇంట్లో చూడాలనిపిస్తే డమ్మీ తూటాలు దొరుకుతాయి, వాటితోనే చూడండి. అసలు తూటాలు ఇంట్లో మ్యాగజైన్‌లోకి ఎక్కించకూడదు.

మీ అమ్మాయి సంగతి. రేంజ్ నుంచి రాగానే ఇద్దరూ చేతులు, ముఖం సబ్బుతో చల్లటి నీళ్లతో కడుక్కోండి, ఆ తరువాతే తిండి. .22 పొగలో సీసం ఉంటుంది, పిల్లలకు అది ఇంకా చెడ్డది. రైఫిల్ శుభ్రం చేసే గుడ్డలు వంటగదిలోకి రానివ్వకండి. రైఫిల్, తూటాలు వేర్వేరు తాళాల్లో ఉండాలి.

మీరు గ్రీన్ కార్డు మీద ఉన్నానని రాశారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇది చదివే మనవాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవారు చాలామంది ఉంటారు గనుక వారికోసం ఒక మాట: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడంలాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో స్నేహితుడి రైఫిల్ సరదాగా చేతిలోకి తీసుకోవడానికి కూడా ఇదే వర్తిస్తుంది. లాయరును అడిగాకే ముట్టుకోండి.

ఈ శనివారం విప్పి చూసి, బోల్టు వీపు ఫొటో ఒకటి, కాల్చిన తరువాత పది ఖాళీ తొడుగులను మడమలు పైకి వచ్చేలా వరుసగా పేర్చి ఇంకొకటి పంపండి. పక్కన కాగితం మీద మ్యాగజైన్ నంబరు రాసిపెట్టండి. వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే పిన్ను గుర్తుల లోతు కూడా నాకు కనిపిస్తుంది.